తెల్లపళ్ల వార్తలు

సెప్టెంబర్ 15, సోమవారం

ఈ రోజు కూడా నా వాక్యాలన్నీ వెన్నెల నోట్లోంచే వచ్చాయి.

రాసేది నేను. బస్టాండులో నిలిచిన వాననీళ్లు, యార్డులో నిమ్మకాయల ధర, కాలువ పూడిక... పొద్దుటి నుంచి అందరికీ ఫోన్లు చేసి, అడిగి, రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి. సాయంత్రం బాపట్ల ప్యాసింజరు దిగి ఆవిడ వస్తుంది. మొహం కడుక్కుంటుంది. పౌడరు అద్దుకుంటుంది. కుర్చీలో కూర్చుంటుంది.

"నమస్కారమండి. తెనాలి వార్తలకు స్వాగతం."

తర్వాత నవ్వు. అక్కడే నాకు కాలుతుంది. పై వరస మొత్తం కనపడుతుంది, కింది వరస కాస్త. ఒక్కటి కూడా వంకర లేదు. అప్పుడే ఒలిచిన కొబ్బరి. నేను గాజు తలుపుకి ఇవతల నిలబడి నా మాటలకి నేనే పెదాలు కదుపుతుంటాను. పళ్లు కనపడకుండా.

సెప్టెంబర్ 16

అమ్మ మా ఛానల్ చూస్తోంది. "ఎంత కళగా చదువుతుందే ఆ పిల్ల! మాటలు కూడా ఎంత చక్కగా ఉన్నాయో."

ఆ చక్కటి మాటలు నీ కూతురివమ్మా. పైకి అంటే ఏమంటుందో తెలుసు. "మాటలదేముందే, చెప్పే నోరుండాలి గానీ..."

నాయనమ్మ వత్తాసు. "అది నవ్వితే గదిలో లైటు వేసినట్టుంది."

సెప్టెంబర్ 18

అడిగేశాను. వెన్నెల రైలు నిడుబ్రోలులో ఆగిపోయింది. టైమవుతోంది. రాంబాబుగారు గుమ్మంలోకీ గదిలోకీ తిరుగుతున్నారు. ఛానల్ ఆయనది, కంగారూ ఆయనదే.

"నేను చదువుతానండి."

ఆగి చూశారు. "సరే, ఒకసారి కూర్చో. చంటీ, కెమెరా పెట్టు."

కూర్చున్నాను. చదివాను. రాసినదాన్నేగా, చూడక్కర్లేకుండా వచ్చింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. చివర నవ్వాలి కాబట్టి నవ్వాను.

ఆయన స్క్రీన్ మీద మళ్ళీ వేయించుకుని చూశారు.

"చదువు మాత్రం... నంబర్ వన్ అమ్మా శ్రావణీ. ఒక్క తడబాటు లేదు."

"థాంక్సండి."

"కాకపోతే..."

చంటి లెన్సు తుడవడం మొదలెట్టాడు. తుడవాల్సిన పనేం లేదు దానికి.

"లైటు పడేసరికి పళ్లు కాస్త పసుపు కొడుతున్నాయి. నువ్వేం అనుకోకు. మన కంటికి కాదు, కెమెరా కంటికి."

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. వెన్నెల పరుగున వచ్చింది. "సారీ అండీ, సారీ అక్కా..." రాంబాబుగారు "హమ్మయ్య" అన్నారు.

పళ్ల మాట మర్చిపోగలనేమో. ఆ హమ్మయ్యని మర్చిపోలేను.

వెళ్లేటప్పుడు నన్ను పక్కకి పిలిచి, "దసరా వెళ్లనీ. ఆదివారం బులెటిన్‌కి ఎవరో ఒకళ్లు కావాలి. చూద్దాం" అన్నారు.

ఆదివారం. వారానికి ఒక్కసారి. నాకు చాలు... అబద్ధం. చాలదు. కుర్చీ మొత్తం కావాలి.

సెప్టెంబర్ 19

అద్దం ముందు. పసుపు కాదు. వెలిసిన గోడ రంగు. నాన్నవీ ఇంతే, నాయనమ్మవీ ఇంతే. కాలేజీలో తీసుకున్న ఫోటోలన్నీ చూశాను. ఒక్కదాంట్లోనూ నోరు తెరవలేదు నేను. ఎవరూ చెప్పకుండానే అప్పటికే నాకు తెలుసన్నమాట.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఫోన్లో ఆర్డరిచ్చిన వైటెనింగ్ స్ట్రిప్స్ వచ్చాయి. అమ్మ చూసేలోగా గదిలోకి.

సన్నటి ప్లాస్టిక్ పట్టీలు. ఒక వైపు జిగురుగా చల్లటి మందు. పై పళ్లకి ఒకటి, కింది పళ్లకి ఒకటి అంటించుకుని ఊరుకోవాలి. లాలాజలం ఊరుతుంది. మింగకూడదు. మాట్లాడకూడదు. మాట్లాడే ఉద్యోగం కోసం మాట మానేసి కూర్చున్నాను.

రంగున్నదేదీ తినకూడదట. కాఫీ, టీ, పసుపు, కారం... మా ఇంట్లో పసుపు వెయ్యనిది మంచినీళ్లొక్కటే. చట్నీ లేని ఇడ్లీ. ఊరగాయ లేని పెరుగన్నం.

"ఏంటే ఈ పథ్యం? ఒంట్లో బాలేదా?"

"ఎసిడిటీ అమ్మా."

నాయనమ్మ నమ్మలేదు. "ఎసిడిటీ అయితే మొహం ఇలా ముడుచుకోరు. ఇది ఎవరి మీదో కోపం."

సెప్టెంబర్ 23

చేశాను. కావాలనే.

"కళాక్షేత్ర ప్రాంగణ నిర్మాణానంతరం విద్యుద్దీపాలంకరణ ప్రణాళికపై..." అని రాశాను. వెన్నెల నాలుక ఎక్కడ జారుతుందో నాకంటే ఎవరికి తెలుసు? రోజూ వింటున్నదాన్ని.

లైవ్‌లో ఆగిపోయింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ ఆగింది. గాజుకి ఇవతల నా గుండె కొట్టుకుంటోంది. సంతోషంతోనే, ఎందుకు దాచాలి.

తలమీద చెయ్యి పెట్టుకుని నవ్వేసింది. "నా వల్ల కాదండీ బాబూ. ఆ కొత్త బిల్డింగుకి లైట్లు పెడతారటండి!"

సెప్టెంబర్ 24

ఆ ముక్క ఊరందరి ఫోన్లలో ఉంది. "మా ఇంటి పిల్లలా ఉంది" అట. "ఎంత సహజమో" అట. అమ్మకి కూడా ఎవరో పంపారు. మూడుసార్లు పెట్టుకుని చూసింది.

రాంబాబుగారు భుజం తట్టారు. "ఇలాంటి పెద్ద మాటలు అప్పుడప్పుడూ వేస్తుండమ్మా. జనానికి నచ్చాయి."

ఇంటికొచ్చి పట్టీ అంటించుకున్నాను. మింగకూడనిదంతా మింగాను.

సెప్టెంబర్ 27

ఇత్తడి బిందె ఎలా తోముతుంది నాయనమ్మ? చింతపండు పూసి నానబెడుతుంది. నానాక ఇటుకపొడి వేసి బరబరా రుద్దుతుంది. నానబెట్టడం సగం పని, అసలు పని రుద్దడంలో ఉంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

పట్టీ తీసేశాను. మందు ఇంకా పళ్ల మీద జిగురుగానే ఉంది. నానింది కదా, ఇక రుద్దాలి కదా... నాయనమ్మ డబ్బాలో బొగ్గూ ఉప్పూ నూరి పెట్టిన పళ్లపొడి. గట్టి బ్రష్. వెన్నెల నవ్వు ఎదురుగా ఉన్నట్టే ఉంది. దాన్ని తోమినట్టు తోమాను.

మొదట చల్లగా. తర్వాత భగ్గున మంట. ఉమ్మితే నలుపు, ఆ నలుపులో ఎర్రచారలు. అద్దంలో చూస్తే చిగుళ్ల అంచులు తెల్లగా పాలిపోయాయి.

తెల్లబడాల్సినవి పళ్లు. చిగుళ్లు కాదు.

సెప్టెంబర్ 28

పళ్ల డాక్టరమ్మ దగ్గర. నోట్లో లైటు వేసి చూసింది. జరిగింది చెప్పాను. బిందె సంగతి కూడా. ఆవిడ మాస్కు నవ్వుకి కదిలింది.

"ఇత్తడి సామాన్లకి పనికొస్తుందమ్మా ఆ పద్ధతి. పట్టీ తీశాక నోరు బాగా పుక్కిలించు. కాసేపు దాన్ని వదిలెయ్. ఆ తర్వాత మెత్తటి బ్రష్‌తో, తోముతున్నామా లేదా అన్నట్టు తోమాలి. ఆ సమయంలో పళ్లు పచ్చి గోడలాంటివి. రుద్దితే గీతలు పడతాయి."

"మరి ఎప్పటికి తెల్లబడతాయండి?"

"తెల్లబడ్డాయి కదమ్మా. చూసుకోలేదా?"

చూసుకోలేదు. నేను చూస్తోంది వెన్నెల పళ్లని.

చిగుళ్లు మానేదాకా పట్టీలు వద్దంది. ఏదో పూత మందు రాసిచ్చింది.

అక్టోబర్ 3

మంట తగ్గింది. పళ్లు నిజంగానే లేత రంగుకి వచ్చాయి. ఆఫీసులో నోరు తెరిచి నవ్వాను, కావాలని, రెండుసార్లు. ఒక్కరూ చూడలేదు. చంటి మాత్రం "ఏంటక్కా, జీతం పెరిగిందా?" అన్నాడు.

అక్టోబర్ 6

అట్లతద్దికి రేపల్లె నుంచి లైవ్. రాంబాబుగారి ఆలోచన. తెల్లవారుజామున ఆడపిల్లల ఉయ్యాలలు, పాటలు, అట్లు. మాట్లాడేది వెన్నెల. మాటలు అందించేది నేను. రేపల్లెలో వెన్నెల మేనత్త సుబ్బలక్ష్మిగారి ఇంట్లోనే ఏర్పాట్లు.

అన్నీ ఉన్నాయి ఈ పిల్లకి. రేపల్లెలో అత్త కూడా ఉంది.

అక్టోబర్ 8, రేపల్లె

సాయంత్రం ప్యాసింజరులో వచ్చాం. దారి పొడుగునా వెన్నెల కబుర్లు. ఇంతకుముందు బాపట్లలో జిరాక్స్ షాపులో చేసిందట. "రోజంతా ఆ మిషను వెలుతురు తప్ప ఇంకేం ఉండేది కాదక్కా. ఈ కుర్చీ పోతే మళ్ళీ అక్కడికే." నవ్వుతూనే చెప్పింది. నవ్వకుండా ఏమైనా చెప్పగలదా అసలు?

సుబ్బలక్ష్మిగారు రుబ్బిన గోరింటాకు పెట్టారు ఇద్దరికీ. "ఎవరికి బాగా పండితే వాళ్లకి మంచి మొగుడు!" రాత్రి కడిగితే నాకు ముదురు ఎరుపు, తనకి నారింజ.

ఒక్కసారైనా నాదే పైన. చేతులు చూసుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో. ఇంత చిన్నదానికి ఇంత సంతోషపడే మనిషినా నేను.

అక్టోబర్ 9, అట్లతద్ది

అన్నీ వరసగా రాయాలి. లేకపోతే నాకనుకూలంగా మార్చేసుకుంటాను.

చీకటితోనే లేచాం. తలస్నానాలు. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, పెరుగుతో చద్దన్నం. గోంగూర చిగుళ్లకి తగలగానే ప్రాణం పోయింది. పెరుగన్నంతో సరిపెట్టాను. వీధి వీధంతా పిల్లలు. వేపచెట్టు కొమ్మకి ఉయ్యాల. చంటి కెమెరా. వెన్నెల మైకు పట్టుకుని వాళ్లలో కలిసిపోయింది. నేను రాసిచ్చిన కాగితం ఒక్కసారి కూడా చూడలేదు.

తర్వాత తాంబూలాలు. ఆకూ వక్కా సున్నం. పెళ్లికాని పిల్లలందరూ నమలాలి, నోరు పండాలి. ఎంత పండితే అంత అదృష్టం. సుబ్బలక్ష్మిగారు కెమెరా ముందే వెన్నెలకి ఇచ్చారు, తర్వాత నా చేతిలోనూ పెట్టారు.

ఇన్నాళ్ల పథ్యం. చట్నీ లేని ఇడ్లీలు. కాలిన చిగుళ్లు. ఆ ఆకు నమిలితే అంతా ఎర్రటి నీళ్లలో పోసినట్టే.

"నాకొద్దండి."

"వద్దేంటే? చేతిలో పెట్టిన తాంబూలం వెనక్కివ్వకూడదు."

పక్కనున్న ఆడవాళ్లు అందుకున్నారు.

"తాంబూలం వద్దనే పిల్లకి ఎలాంటి మొగుడొస్తాడో!"

"సన్యాసొస్తాడు."

"వచ్చినా ఇది ముద్దు పెట్టుకోనివ్వదు, పళ్లకి రంగంటుతుందని!"

నవ్వులు. కెమెరా తిరుగుతోంది. నా చేయి చాచినట్టే ఉంది, ఆకు దాంట్లోనే ఉంది.

వెన్నెల మైకు కిందికి దించి, నా చేతిలోది తీసుకుని, తన దాంతో కలిపి నోట్లో పెట్టేసుకుంది. "అక్కది కూడా నాదేనండి. ఇద్దరు మొగుళ్ల అదృష్టం నాకే!" వీధి గొల్లుమంది. ఇక చూడు... ఒక్కొక్కరూ "మాదీ నములమ్మా, మాదీ" అంటూ దాని చేతికి. నమిలింది. అన్నీ నమిలింది. బుగ్గలు ఉబ్బిపోయి, నవ్వుతూ, పెదాల కొసల్లోంచి ఎర్రటి చారలు.

లైవ్ అయ్యాక అడిగాను. "ఎందుకు తీసుకున్నావ్?"

"నువ్వు పళ్లకి ఏదో పెట్టుకుంటున్నావుగా అక్కా. నాకు తెలుసులే. కాఫీ మానేశావ్. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మానేశావ్."

నేను ఆవిడని చూస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడ కూడా నన్ను చూస్తోంది. ఇంట్లో వాళ్లే కనిపెట్టనిది కనిపెట్టింది. దానికి కృతజ్ఞత రావాలి మనిషికి. నాకు రాలేదు. ఒళ్లు మండింది. జాలి పడే హక్కు కూడా ఆవిడకే ఉందా?

మధ్యాహ్నానికి తెనాలి. సాయంత్రం బులెటిన్ ఉంది. ఆఫీసు వాష్‌బేసిన్ దగ్గర వెన్నెల తోముతోంది. పేస్టు నురగ గులాబీ రంగు. పళ్ల సందులన్నీ ఎరుపు. నాలుక సరేసరి. మళ్ళీ పేస్టు, మళ్ళీ తోముడు.

"పోవట్లేదక్కా. ఏం చెయ్యను?"

"గట్టిగా తోమకు. చిగుళ్లు పోతాయ్" అన్నాను.

నిజమే చెప్పాను. నా చిగుళ్లే సాక్ష్యం. కానీ గట్టిగా తోమకపోతే ఆ ఎరుపు పోదని కూడా నాకు తెలుసు. రెంటిలో ఏది నాతో ఆ మాట అనిపించింది?

బ్రష్ పక్కన పెట్టేసింది. నా మాట నమ్మి.

రాంబాబుగారు వచ్చారు. దాని నోరు చూశారు. నా వైపు తిరిగారు. "నవ్వమ్మా శ్రావణీ ఒకసారి."

నవ్వాను.

"కూర్చో."

అక్టోబర్ 10

నిన్న చదివాను. తెనాలి మొత్తానికి. నమస్కారమండి దగ్గర్నుంచి సెలవు దాకా. ఒక్క తడబాటు లేదు.

గాజుకి ఇవతల ఈసారి వెన్నెల. దాని పెదాలు కూడా కదిలాయి. నేను చూశాను.

అమ్మ గుమ్మంలోనే వాటేసుకుంది. "నువ్వేనా అది! అచ్చం టీవీలో మనిషిలా ఉన్నావ్." కళ్లు తుడుచుకుని, మళ్ళీ తనే... "ఆ బాపట్ల పిల్ల రాలేదేంటే, ఒంట్లో బాగుందా?"

అక్టోబర్ 12, ఆదివారం

రాంబాబుగారు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేశారు. "నీ చదువు బాగుందన్నవాళ్లున్నారు. వెన్నెల ఏదీ అని ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు. ఆదివారాలు, మామూలు రోజులు అని పంచడం నా వల్ల కాదు, మొహం ఒకటే ఉండాలి. దీపావళికి ఇద్దరితోనూ చదివిస్తాను. తప్పు లేకుండా చదివి, నవ్వి, జనాన్ని పట్టుకునేది ఎవరో వాళ్లదే కుర్చీ."

చదువు నాది. నవ్వు సగం నాదయ్యింది. జనం ఆవిడవాళ్లు. లెక్క వేసుకుంటూనే ఇంటికొచ్చాను. ఎటు వేసినా ఒక్క గడి తక్కువ.

ఒక్కటి మాత్రం ఖాయం. తప్పు లేకుండా చదవడం ఆవిడకి రాదు.

అక్టోబర్ 13

వెన్నెల ఫోన్.

"అక్కా, నాకు నేర్పవా?"

"ఏంటి?"

"చదవడం. నువ్వు చదువుతుంటే ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతావ్. నాకు మాటలు కాళ్లకి అడ్డం పడతాయి. పొద్దుటి బండికి వచ్చేస్తాను. మీ ఇంటికి. రోజూ ఓ గంట."

"నువ్వు నేర్చుకుంటే ఆ కుర్చీ..." అన్నాను. పూర్తి చెయ్యలేదు.

"తెలుసక్కా. అందుకేగా నిన్నే అడుగుతున్నాను. వేరేవాళ్లయితే తప్పు నేర్పినా నాకు తెలీదు."

ఫోన్ అమ్మకిచ్చేశాను, కూర పనిలో ఉంది కదా, కుదరదు పొమ్మంటుందిలే అని. అమ్మ మొహం విచ్చుకుపోయింది. "నువ్వా తల్లీ! రోజూ చూస్తాం నిన్ను... ఎందుకు నేర్పదూ? నేర్పుతుంది. ఇడ్లీ తిని వెళుదువుగాని, వచ్చెయ్."

నేర్పను. నేర్పితే నా దగ్గరేం మిగులుతుంది?

సగం నేర్పుతాను. సగం ఎలా నేర్పుతారు?

అక్టోబర్ 14, ఉదయం

మళ్ళీ పట్టీ మొదలెట్టాను. డాక్టరమ్మ సరేనంది. ఇందాకే తీసేశాను. పుక్కిలించాను. కాసేపు ఊరుకున్నాను. ఇప్పుడు మెత్తటి బ్రష్‌తో తోముతూ, ఎడం చేత్తో ఇది రాస్తున్నాను. అక్షరాలు తూలుతున్నాయి.

గేటు చప్పుడు. అమ్మ ఎదురెళ్లింది.

"రామ్మా, రా రా. చూడగానే పోల్చానమ్మా. టీవీలో కంటే బయటే బాగున్నావ్."

నాయనమ్మ గొంతు. "ఏదీ, నవ్వు ఒకసారి."

నవ్వింది కాబోలు. నవ్వి ఉంటుంది.

"శ్రావణీ! ఎవరొచ్చారో చూడు. ఎంతసేపే తోముతావ్?"

నోటి నిండా నురగ. ఉమ్మితే బయటికెళ్లాలి. బయటికెళితే ఏదో ఒకటి చెప్పాలి.

పై వరస అయిపోయింది. కింది వరస అయిపోయింది. మళ్ళీ పై వరస... మెల్లగా, తోముతున్నానా లేదా అన్నట్టు.

"అక్కా, తొందరేం లేదులే. నేను కూర్చుంటాను."